గిడ్డంగి సరుకుల వేలం

గిడ్డంగి సరుకుల వేలం అనగా గిడ్డంగిలో దాచిన సరుకును దాని యజమాని గడువులోగా విడిపించుకోనప్పుడు, అద్దెను గానీ ఆ సరుకుపై తీసుకున్న అప్పును గానీ రాబట్టుకోవడానికి దానిని బహిరంగంగా అమ్మే విధానం. వేలంలో సరుకు కొన్నవారు దానిని శుభ్రపరచి, తరగతులుగా విడదీసి తిరిగి అమ్ముకుంటారు. అమెరికాలో ఇటువంటి వేలాలు ఎక్కువగా ఇంటి సామాను దాచుకునే అద్దె గదులకు సంబంధించినవి. ఆంధ్రప్రదేశ్‌లోని [[పల్నాడు జిల్లా|పల్నాడు]], గుంటూరు ప్రాంతాలలో వీటికి దగ్గరగా ఉన్నది శీతల గిడ్డంగులలో నిల్వచేసే ఎండుమిర్చి. ఇక్కడ గదిలో ఉన్నది పాత సామాను కాదు, ఒక రైతు కుటుంబం ఏడాది పాటు పడిన కష్టం. అందువలన వేలానికి ముందు ఇచ్చే నోటీసు, వేలం తరువాత మిగిలే సొమ్ము ఈ విషయంలో ముఖ్యమైనవి.

## పరిభాష

* '''బాండు''' - సరుకు లోపలికి చేరినప్పుడు గిడ్డంగి ఇచ్చే రసీదు. బస్తాల సంఖ్య, లాటు సంఖ్య, యజమాని పేరు ఇందులో ఉంటాయి.
* '''టిక్కీ''' - ఎండుమిర్చి నింపిన గోనె బస్తాకు గుంటూరు, పల్నాడు ప్రాంతాలలో వాడే పేరు.
* '''ఏసీ సరుకు''' - శీతల గిడ్డంగిలో ఉంచి తీసిన మిర్చి. కళ్లం నుండి నేరుగా యార్డుకు వచ్చిన దానిని నాన్ ఏసీ సరుకు అంటారు.
* '''తాలు''' - రంగు పోయి తెల్లబారిన కాయలు. వీటికి మేలు కాయల కంటే చాలా తక్కువ ధర పలుకుతుంది.
* '''ధరావత్తు''' - వేలంలో పాల్గొనడానికి పాటదారు ముందుగా కట్టే సొమ్ము.
* '''సర్కారు పాట''' - వేలం ప్రారంభానికి నిర్ణయించిన కనీస ధర. ప్రైవేటు వేలాలలో కూడా ఈ మాటనే వాడుతుంటారు.
* '''హెచ్చుపాట''' - వేలంలో వచ్చిన అత్యధిక ధర.

## పల్నాడులో నేపథ్యం

పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుండి విడివడి, నరసరావుపేట కేంద్రంగా ఏర్పడింది. నాగార్జునసాగర్ కుడి కాలువకు 1967లో నీరు వదిలిన తరువాత ఈ ప్రాంతంలో వ్యవసాయ స్వరూపం మారింది. మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతాలలో పత్తి, మిరప ప్రధాన వాణిజ్య పంటలయ్యాయి. పండిన మిర్చిలో అధిక భాగం గుంటూరు మార్కెట్ యార్డుకు చేరుతుంది. ఎండుమిర్చి వ్యాపారంలో ఆసియాలోనే పెద్దదిగా ఈ యార్డుకు పేరు.

మిరప కోతలు సాధారణంగా జనవరి నుండి ఏప్రిల్ వరకు సాగుతాయి. కాయలను కళ్లాలలో ఎండబెట్టి బస్తాలకు ఎత్తుతారు. అందరి సరుకూ ఒకేసారి యార్డుకు రావడం వలన ఫిబ్రవరి, మార్చి నెలలలో ధర తగ్గే అవకాశం ఎక్కువ. అప్పుడు అమ్మడానికి ఇష్టపడని రైతులు, తక్కువ ధరకు కొని దాచే వ్యాపారులు శీతల గిడ్డంగులను ఆశ్రయిస్తారు. వేసవిలో యార్డుకు సెలవులు ఇచ్చిన తరువాత, కొత్త పంట వచ్చేవరకు జరిగే వ్యాపారమంతా ప్రధానంగా ఈ నిల్వల మీదనే నడుస్తుంది. గుంటూరు నగరం చుట్టుపక్కల, చిలకలూరిపేట, నరసరావుపేట ప్రాంతాలలో ఇటువంటి గిడ్డంగులు ఉన్నాయి.

మామూలు గోదాములో వర్షాకాలం గడిచేసరికి మిర్చి రంగు వెలసిపోతుంది, పురుగు పడుతుంది. శీతల గదిలో తేమ, ఉష్ణోగ్రత అదుపులో ఉండడం వలన రంగు, ఘాటు చాలా నెలలు నిలుస్తాయి. అయితే నిల్వకు అద్దె, బీమా, ఎత్తుదింపు కూలీ ఉంటాయి. సరుకును తాకట్టు పెట్టి అప్పు తీసుకుంటే వడ్డీ కూడా పెరుగుతుంది.

## సరుకు మిగిలిపోవడానికి కారణాలు

సరుకు విలువ కంటే దానిపై ఉన్న బకాయి ఎక్కువైనప్పుడు యజమానికి దానిని విడిపించుకోవడంలో లాభం ఉండదు. ఈ స్థితికి దారితీసే కారణాలు ఇవి:

* '''ధర పతనం''': ఎండుమిర్చికి కేంద్ర ప్రభుత్వం ఏటా ప్రకటించే కనీస మద్దతు ధర లేదు. ధరలు బాగా పడిపోయినప్పుడు మార్కెట్ జోక్యపు పథకాన్ని మాత్రమే ప్రకటిస్తారు. 2017 మే నెలలో ఈ పథకం కింద క్వింటాలుకు 5,000 రూపాయల ధర నిర్ణయించారు. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ మిర్చికి 11,781 రూపాయలు నిర్ణయించి, 2.91 లక్షల టన్నుల వరకు వర్తింపజేశారు.
* '''రెండవ ఏడు నిల్వ''': మంచి ధర కోసం ఎదురుచూస్తుండగానే కొత్త పంట వస్తుంది. అప్పుడు పాత సరుకుకు గిరాకీ తగ్గుతుంది, అద్దె మాత్రం ఆగదు.
* '''అప్పుల గొలుసు''': విత్తనాలు, ఎరువులు, కూలీల కోసం కమిషన్ వ్యాపారి వద్ద బదులు తీసుకున్న రైతు తన సరుకును ఆ వ్యాపారి ద్వారానే అమ్మవలసి వస్తుంది. బాండు కూడా కొన్నిసార్లు అప్పిచ్చినవారి దగ్గరే ఉంటుంది.
* '''కుటుంబ కారణాలు''': యజమాని మరణించడం, వారసుల మధ్య తగవు, వ్యాపారి దివాలా తీయడం.

సాధారణంగా గిడ్డంగి నిర్వాహకుడు సరుకును నేరుగా వేలానికి పెట్టడు. మొదట యజమానినే అమ్ముకొని బాకీ తీర్చమని కోరతాడు. యజమాని ముందుకు రాకపోయినా, ఆచూకీ తెలియకపోయినా, చివరి మెట్టుగా వేలం వస్తుంది.

## చట్టం

### అట్టిపెట్టే హక్కు, అమ్మే హక్కు

గిడ్డంగిలో సరుకు దాచడం 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 148వ సెక్షను ప్రకారం అప్పగింత ఒప్పందం. సరుకు చేతులు మారినా యాజమాన్యం మారదు. 151వ సెక్షను ప్రకారం, సరుకు తీసుకున్నవారు సాధారణ వివేకం గల మనిషి తన సొంత వస్తువును ఎలా చూసుకుంటాడో దానిని అలాగే చూడాలి.

అద్దె చెల్లించనంత మాత్రాన సరుకు గిడ్డంగి వారిది అయిపోతుందన్న అభిప్రాయం సరికాదు. బాకీ తీరేవరకు సరుకును తన వద్ద అట్టిపెట్టుకునే హక్కు వేరు, దానిని అమ్మే హక్కు వేరు. చట్టం గానీ, ఒప్పందం గానీ స్పష్టంగా ఇస్తే తప్ప మొదటి హక్కు నుండి రెండవది పుట్టదు. అందువలననే గిడ్డంగుల రసీదులపై అద్దె గడువు, నోటీసు, అమ్మకం షరతులను ముద్రిస్తారు. చాలామంది రైతులు ఈ షరతులను చదవకుండానే సంతకం చేస్తారు.

### తాకట్టు సరుకు

సరుకు తాకట్టులో ఉంటే 176వ సెక్షను వర్తిస్తుంది. అప్పు తీర్చనప్పుడు రుణదాత దావా వేసి, సరుకును హామీగా అట్టిపెట్టుకోవచ్చు. లేదా తగిన నోటీసు ఇచ్చి అమ్మవచ్చు. అమ్మగా వచ్చిన సొమ్ము బాకీకి చాలకపోతే మిగతా మొత్తానికి రుణగ్రస్తుడు బాధ్యుడే. ఎక్కువ వస్తే ఆ మిగులు అతనికి చెల్లించాలి. 177వ సెక్షను ప్రకారం గడువు దాటినప్పటికీ, అమ్మకం వాస్తవంగా జరిగే క్షణం వరకు బాకీ, అదనపు ఖర్చులు చెల్లించి సరుకును విడిపించుకోవచ్చు. తాకట్టు వాటాలకు సంబంధించిన ఒక కేసులో 2022లో సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, నోటీసు తప్పనిసరి అని, తాకట్టు పెట్టుకున్నవారు ఆ ఆస్తిని తమకు తామే అమ్ముకోవడం కుదరదని పేర్కొంది.

### గిడ్డంగుల చట్టం

గిడ్డంగుల (అభివృద్ధి, నియంత్రణ) చట్టం 2007లో ఆమోదం పొంది, 2010 అక్టోబరులో అమలులోకి వచ్చింది. దీని ప్రకారం నమోదైన గిడ్డంగి జారీచేసే రసీదును చేతులు మార్చుకోవచ్చు, బ్యాంకులో తాకట్టు పెట్టవచ్చు. నిల్వ ఖర్చుల మేరకు సరుకుపై గిడ్డంగి నిర్వాహకునికి హక్కును ఈ చట్టం గుర్తించింది. 2017 సెప్టెంబరులో ఎలక్ట్రానిక్ రసీదులు ప్రారంభమయ్యాయి. ఒకే సరుకును రెండు చోట్ల తాకట్టు పెట్టే మోసాన్ని నివారించడం వీటి ఉద్దేశాలలో ఒకటి. అయితే దేశంలోని గిడ్డంగులన్నీ ఈ చట్టం కింద నమోదు కాలేదు.

### రైతుబంధు తనఖా రుణాలు

తెలంగాణలో 2018లో మొదలైన పెట్టుబడి సాయం పథకానికి చాలా ముందే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబంధు పేరుతో మరొక పథకం ఉండేది. మార్కెట్ కమిటీలు రైతు దాచిన సరుకు విలువలో 75 శాతం వరకు రుణమిచ్చేవి. మొదటి 180 రోజులకు వడ్డీ ఉండేది కాదు. ధర లేనప్పుడు రైతు తెగనమ్ముకోకుండా ఆపడం దీని లక్ష్యం.

## వేలం జరిగే తీరు

1. '''నోటీసు''': బాకీ ఎంత, ఏ తేదీలోగా చెల్లించాలి, చెల్లించకపోతే ఎప్పుడు, ఎక్కడ అమ్ముతారు అన్న వివరాలతో యజమాని చిరునామాకు పంపుతారు. సరుకు తాకట్టులో ఉంటే రుణదాతకు కూడా తెలపాలి.
2. '''ప్రకటన''': వేలం తేదీ, లాట్ల వివరాలు, ధరావత్తు, షరతులు పత్రికలోనో, గిడ్డంగి నోటీసు బోర్డుపైనో ప్రకటిస్తారు.
3. '''సరుకు పరిశీలన''': మిర్చి విషయంలో పాటదారులకు బస్తాలను చూసే అవకాశం ఉంటుంది. నమూనా కాయలు తీసి రంగు, తొడిమ, తేమ, గింజ, తాలు శాతం చూస్తారు.
4. '''పాట''': నోటి పాట లేదా మూసిన కవరులో టెండరు. నోటి పాటలో ధరను మూడుసార్లు పలికి ఖాయం చేస్తారు.
5. '''చెల్లింపు, ఖాళీ చేయడం''': హెచ్చుపాటదారు మిగిలిన సొమ్మును గడువులోగా కట్టి సరుకు తరలించుకోవాలి. తప్పితే షరతులను బట్టి ధరావత్తు పోతుంది.

1930 నాటి సరుకుల విక్రయ చట్టం 64వ సెక్షను ప్రకారం ప్రతి లాటు ఒక ప్రత్యేక ఒప్పందం. సుత్తి దెబ్బతో గానీ, ఆచారంగా ఉన్న మరో రీతిలో గానీ వేలందారు పాట ముగిసినట్లు ప్రకటించినప్పుడు అమ్మకం పూర్తవుతుంది. అంతవరకు పాటదారు తన పాటను వెనక్కు తీసుకోవచ్చు.

## కొనుగోలుదారు లెక్క

ఇటువంటి వేలంలో సరుకును "ఉన్నది ఉన్నట్లు" అమ్ముతారు. తరువాత బయటపడే లోపాలకు సాధారణంగా అమ్మినవారి పూచీ ఉండదు. అందువలన పాటదారు సరుకు ధరతో పాటు ఈ విషయాలు లెక్కవేసుకోవాలి:

* '''తూకం''': లోపలికి వచ్చిన నాటి తూకానికి, బయటకు తీసిన నాటి తూకానికి తేడా ఉంటుంది. పాట బస్తాకా, క్వింటాలుకా అన్నది ముందే తెలుసుకోవాలి.
* '''తేమ''': చల్లని గది నుండి బయటకు తీసిన మిర్చికి గాలిలోని తేమ పడుతుంది. ఆరబెట్టకుండా మళ్ళీ మూటకట్టితే బూజు పట్టే ప్రమాదం ఉంది.
* '''గ్రేడింగు''': మేలు కాయలు, మధ్యరకం, తాలు వేరుచేయడానికి కూలీ, స్థలం కావాలి. మేలు కాయలు వ్యాపారులకు, ఎగుమతిదారులకు, మిగిలినవి కారం మిల్లులకు పోతాయి.
* '''పన్నులు''': జి.ఎస్.టి., మార్కెట్ సెస్సు, రవాణా.
* '''హక్కు''': అమ్మినవారికి ఆ సరుకు అమ్మే అధికారం లేకపోతే కొన్నవారికి కూడా సరైన హక్కు రాదు. ఇది సరుకుల విక్రయ చట్టం 27వ సెక్షనులోని సాధారణ సూత్రం. కనుక బాండు, నోటీసు ప్రతి, బాకీ లెక్క చూడడం కొనుగోలుదారుకే మేలు.

లాభం చౌకగా కొనడం వలన మాత్రమే రాదు. గ్రేడింగు తెలిసిన మనిషి, తాలుకు కూడా కొనుగోలుదారుడు, సరుకును కొద్దిరోజులు నిలిపే స్తోమత ఉన్నవారికే ఈ వ్యాపారం కలిసివస్తుంది.

## మిగులు సొమ్ము

వేలం న్యాయంగా జరిగిందా లేదా అన్నది చివరి లెక్కలో తేలుతుంది. ఉదాహరణకు ఒక రైతుకు 40 కిలోల చొప్పున 100 టిక్కీలు, అనగా 40 క్వింటాళ్ళ మిర్చి ఉన్నదనుకుంటే:

* అప్పు, వడ్డీ 2,50,000 రూపాయలు, అద్దె 20,000, వేలం ఖర్చులు 10,000. మొత్తం బాకీ 2,80,000.
* క్వింటాలు 10,000 చొప్పున పలికితే వచ్చేది 4,00,000. బాకీ పోగా 1,20,000 రూపాయలు రైతువి.
* క్వింటాలు 6,000 చొప్పున పలికితే వచ్చేది 2,40,000. సరుకంతా పోయి, ఇంకా 40,000 రూపాయల బాకీ రైతు మీద ఉంటుంది.

అనగా ధర పతనమైన రోజులలో జరిగే వేలం రైతుకు రెండుసార్లు నష్టం. పాటదారులు కొద్దిమందే ఉండి ముందుగా కూడబలుక్కొని ధర పెంచకపోతే, ఆ నష్టం కూడా రుణగ్రస్తుని మీదే పడుతుంది. మరోవైపు మంచి ధర పలికినప్పుడు, మిగులు తనకు రావాలన్న సంగతి తెలియక లెక్క అడగనివారు ఉంటారు. నోటీసు పాత చిరునామాకు పోవడం, కౌలు రైతు సరుకు మరొకరి పేరున దాచి ఉండడం, యజమాని చనిపోయాక బాండు వారసులకు దొరకకపోవడం వంటి సందర్భాలలో ఈ సొమ్ము పోయే ప్రమాదం ఎక్కువ. వ్రాతపూర్వకంగా లెక్క కోరడం, అద్దె రసీదులు దాచుకోవడం, చిరునామా, ఫోను నంబరు మారినప్పుడు గిడ్డంగికి తెలపడం యజమానికి రక్షణ.

## భారతదేశంలో ఇతర వేలాలు

* '''రైల్వేలు''': 1989 నాటి రైల్వే చట్టం 84వ సెక్షను ప్రకారం ఎవరూ తీసుకోని సరుకును అమ్మవచ్చు. త్వరగా చెడిపోని సరుకైతే ముందు ఏడు రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి.
* '''ఓడరేవులు''': 1962 నాటి కస్టమ్స్ చట్టం 48వ సెక్షను ప్రకారం దిగుమతి సరుకును దించిన 30 రోజులలోగా విడిపించుకోకపోతే, నోటీసు ఇచ్చి, అధికారి అనుమతితో అమ్మవచ్చు. వచ్చిన సొమ్మును ఏ వరుసలో పంచాలో 150వ సెక్షను చెబుతుంది.
* '''బంగారం''': తాకట్టు బంగారం వేలాలు పల్లెలకు బాగా పరిచయమైనవి. ఫైనాన్సు సంస్థలు పాటించవలసిన నోటీసు, ప్రకటన, కనీస ధర నియమాలను రిజర్వు బ్యాంకు నిర్దేశించింది.
* '''ఆలుగడ్డ''': ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్‌లలోని శీతల గిడ్డంగులలో ధర పడిపోయిన ఏడు ఇదే సమస్య తలెత్తుతుంది. 2017లో ఆగ్రా ప్రాంతంలో రైతులు విడిపించుకోని ఆలుగడ్డలను గిడ్డంగుల వారు బయట పారబోశారు. కొనేవారే లేనప్పుడు వేలం కూడా పనిచేయదని ఇది తెలుపుతుంది.

## ఇతర దేశాలలో

అమెరికాలో ఇంటి సామాను దాచుకునే అద్దె గదుల వ్యాపారం 1960లలో టెక్సాస్‌లో మొదలై దేశమంతటా విస్తరించింది. అద్దె బకాయి పడితే, రాష్ట్ర చట్టం చెప్పిన నోటీసుల తరువాత గదిలోని సామానును వేలం వేస్తారు. సాధారణంగా తాళం కోసి తలుపు తెరిచి, పాటదారులను గుమ్మం వద్ద నుండి మాత్రమే చూడనిస్తారు. పెట్టెలలో ఏమున్నదో తెలియకుండానే పాట పాడాలి. 2010 డిసెంబరులో ప్రారంభమైన "స్టోరేజ్ వార్స్" టెలివిజన్ కార్యక్రమం వలన ఈ వేలాలు ప్రసిద్ధి పొందాయి. తరువాత ఇవి చాలావరకు ఆన్‌లైనుకు మారాయి. సైన్యంలో పనిచేస్తున్నవారి సామానును కోర్టు ఉత్తర్వు లేకుండా అమ్మరాదని 2003 నాటి సమాఖ్య చట్టం నిషేధించింది. దూరాన ఉండి నోటీసు అందుకోలేనివారికి రక్షణ అవసరమన్నది దీని ఆధారం. ఇంగ్లాండులో యజమాని తీసుకుపోని వస్తువుల అమ్మకానికి 1977 నాటి చట్టం వర్తిస్తుంది.

భారతదేశంలో హైదరాబాదు, బెంగళూరు వంటి నగరాలలో ఇటువంటి అద్దె గదుల సంస్థలు ఉన్నాయి. వీటిలో సామాను అమ్మే హక్కు ప్రధానంగా ఒప్పంద పత్రంలోని షరతులపై ఆధారపడి ఉంటుంది.

మిర్చి వేలానికి, అమెరికా గదుల వేలానికి ముఖ్యమైన తేడా సమాచారంలో ఉంది. అక్కడ లోపల ఏమున్నదో ఎవరికీ తెలియదు, అదృష్టానికి చోటుంటుంది. ఇక్కడ సరుకు ఏమిటో, ఆనాటి యార్డు ధర ఎంతో అందరికీ తెలుసు. తెలియనిది యజమాని ఎందుకు రాలేదన్నదే.

## ఇవి కూడా చూడండి

* [[మిరప]]
* [[పల్నాడు జిల్లా]]
* [[నరసరావుపేట]]
* [[నాగార్జునసాగర్]]
* [[వేలం]]